స్థానం నరసింహారావుగారు

మన గుంటూరు, ప్రకాశము, బాపట్ల జిల్లాల యూళ్లలో ఔత్సాహిక నాటక సమాజములవారు అప్పుడప్పుడు ఒక సాయంకాలమును రంగస్థల గీతములకే కేటాయించుట కలదు. అట్టి సభలో నాటకము పూర్తిగా ఆడరు. తెరలు, కిరీటములు, కత్తులు ఉండవు. ఒక హార్మోనియము, ఒక తబలా, నలుగురైదుగురు గాయకులు ఉన్న చాలును. హరిశ్చంద్రుని కాటిసీను పద్యములు, పాండవోద్యోగమునందలి రాయబారపు పద్యములు ముగిసిన పిమ్మట సత్యభామ పాట వచ్చును. మీరజాలగలడా అను పేరుతో ఆంధ్రదేశమంతట ప్రసిద్ధమైన ఆ పాట మొదలు కాగానే వృద్ధుల ముఖములు వికసించును. అది ఎవరి పాట యని యడిగినచో బాలురలో పెక్కుమంది సినిమా పాట యని చెప్పుదురు. 1966లో వచ్చిన శ్రీకృష్ణ తులాభారము చిత్రమున జమునగారు అభినయింపగా సుశీలగారు పాడిన మాట నిజమే. కాని ఆ పాట అంతకు ఎంతో ముందే నాటకరంగము మీద పుట్టినది. దానిని వ్రాసినవాడును, సత్యభామయై పాడి ఆడినవాడును ఒక్కరే. ఆయన మన బాపట్లవాడు. ఆయన చరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినది.

ఆయన కాలమును గూర్చి ముందు కొంత చెప్పవలెను. తెలుగునాట ఆధునిక నాటక ప్రదర్శనము 1880 ప్రాంతమున మొదలయ్యెను. ఆ దినములలో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచేత నాటకములు ఆడించిరి. ధార్వాడ నాటక కంపెనీవారు కోస్తా పట్టణములందు ఆడిన నాటకములు చూచి మనవారికిని ఉత్సాహము కలిగెను. గుంటూరులో కొండుభొట్ల సుబ్రహ్మణ్యశాస్త్రిగారు ఒక నాటక సమాజమును నడిపిరి. బళ్లారిలో 1886లో సరసవినోదినీ సభను నెలకొల్పిన ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు పాటలును పద్యములును రాగయుక్తముగా పాడు పద్ధతిని నాటకములలో ప్రవేశపెట్టిరి. అది జనులకు మిక్కిలి నచ్చెను. కొలది కాలములోనే పాట లేని నాటకము నాటకమే కాదను స్థితి యేర్పడెను.

మన మెట్ట పల్లెలలో మిరపకాయలు కళ్లములలో ఎండి సంతకు పోయి, పత్తి తీతలు ముగిసిన పిమ్మట రైతులకు తీరిక దొరకును. ఆ వేసవి రాత్రులు నాటకములకు అనుకూలమైన కాలము. బండ్లు కట్టుకొని కుటుంబములతో సహా వచ్చి, చాపలు పరచుకొని తెల్లవారుదాక నాటకము చూచెడివారు. మైకులు లేని దినములవి. నటుని గొంతు చివరి వరుసలో కూర్చున్న రైతునకు కూడ వినబడవలెను. అందువలన గొంతు గల నటునకు గొప్ప గౌరవము లభించెను. కాని దాని వెనుకనే ఒక చెడుగు కూడ వచ్చెను. పద్యము బాగుగా పాడినచో జనులు మరల పాడుమని కేకలు వేయుదురు. నటుడు కథను మరచి రాగము తీయును. చనిపోయి పడియున్న పాత్ర లేచి కూర్చుండి, అడిగిన పద్యము మరల పాడి, మరల చనిపోయినదని పెద్దలు పరిహాసముగా చెప్పుట మనము వినుచునే యున్నాము.

ఆ కాలపు నాటకములందు మరియొక విశేషము కలదు. కులస్త్రీలు రంగమెక్కుటను సంఘము సహింపలేదు. కాబట్టి పెక్కు సమాజములలో స్త్రీ పాత్రలను పురుషులే ధరించుచుండిరి. ఇది మన దేశమునకే ప్రత్యేకమైనది కాదు. ఇంగ్లండులో షేక్స్పియరు మహాకవి నాటకములను మొదట ఆడినప్పుడు నాయికల పాత్రలను బాలురే ధరించిరి. 1660 తరువాతనే అచ్చట స్త్రీలు రంగముమీదికి వచ్చిరి. చీనాదేశమున మే లాన్‌ఫాంగు, మహారాష్ట్రమున బాలగంధర్వులు, గుజరాతున జయశంకర్ సుందరి స్త్రీ పాత్రల వలననే కీర్తి గాంచిరి. తెలుగునాట అట్టి కీర్తి స్థానం నరసింహారావుగారికి దక్కెను.

ఆయన 1902వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన బాపట్లలో జన్మించిరి. బాపట్ల నాడు కృష్ణా జిల్లాలోనిది. 2022 నుండి తన పేరి జిల్లాకే ముఖ్యపట్టణమైనది. ఆ ప్రాంతమునకు నాటకవిద్య క్రొత్తది కాదు. హరిశ్చంద్ర నాటకముచే ప్రసిద్ధులైన బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు బాపట్ల తాలూకా ఇటికంపాడున పుట్టినవారే. ఊర నాటకమన్నచో చిన్నలును పెద్దలును మూగెడి వాతావరణములో నరసింహారావుగారు పెరిగిరి.

1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకము ఆడుటకు సర్వము సిద్ధమయ్యెను. కాని చంద్రమతి పాత్రధారి రాలేదు. చంద్రమతి లేనిదే హరిశ్చంద్ర కథ లేదు. భర్త యాడిన మాట నిలుపుటకై దాసియై, కన్నకొడుకును కోల్పోయి, శ్మశానమునకు వచ్చు ఆ తల్లి లేకున్నచో ఆ నాటకము నడువదు. అప్పటికి నరసింహారావుగారికి సుమారు 18 సంవత్సరములు. ఆ కొరత తీర్చుటకు ఆయన ముందుకు వచ్చి ఆ పాత్రను ధరించిరి. ఒకరు రానందున ఏర్పడిన ఖాళీలో నిలిచిన ఆ యువకుడు, తరువాత సుమారు 40 సంవత్సరములు స్త్రీ పాత్రలకు తన పేరునే ప్రమాణముగా చేసికొనెను.

ఇది తేలికైన మార్గమని విద్యార్థులు తలపరాదు. ఆ దినములలో నాటకములాడువారిని జనులు రాత్రి చప్పట్లతో మెచ్చుకొందురు. పగలు వారికి పిల్లనిచ్చుటకు వెనుదీయుదురు. ఆడవేషము వేయు యువకునకు ఎత్తిపొడుపులు మరింత ఎక్కువ. వేషము చూచి నవ్వుటకు వచ్చినవారిని నవ్వకుండ కూర్చుండబెట్టుట ఆ నటుడు ప్రతి రాత్రియు చేయవలసిన పని. దానికి అందము చాలదు. నడక, చూపు, కొంగు సవరించుకొను తీరు, కోపములోను దుఃఖములోను గొంతు మారు విధము, ఇవన్నియు నేర్వవలెను. నరసింహారావుగారు దానిని ఒక విద్యగా నెంచి సాధన చేసిరి. అలంకరణమునందు ఆయన చూపిన శ్రద్ధ పేరుపొందినది. ఏ పాత్రకు ఏ చీర, ఏ నగ, ఏ జడ తగునో ఆలోచించి ధరించెడివారు. ఆయన చీరకట్టును, నగల తీరును చూచి స్త్రీలే అనుకరించిరని ఆ తరమువారు చెప్పెడివారు.

ఆయన కీర్తికి ముఖ్యస్థానము తెనాలి. బాపట్లయు తెనాలియు ఒకే రైలు మార్గములో ఉన్నవి. తెనాలి నాటకములకు పుట్టినిల్లని పేరుగాంచిన పట్టణము. దుర్యోధన పాత్రకు ప్రసిద్ధులైన మాధవపెద్ది వెంకట్రామయ్యగారును, వైద్యవృత్తిలో నుండియు నటనను విడువని గోవిందరాజుల సుబ్బారావుగారును ఆ ప్రాంతపు వారే. అచ్చటి శ్రీరామవిలాస సభలో నరసింహారావుగారు పెక్కు ప్రధాన పాత్రలు ధరించిరి. కొప్పరపు సుబ్బారావుగారి నాటకమున మొగలు రాజవంశపు రోషనార. విప్రనారాయణ కథలో దేవదేవి. కాళ్లకూరి నారాయణరావుగారి నాటకమున చింతామణి. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున మధురవాణి. ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణ తులాభారమున సత్యభామ. ఇవి ఆయనకు పేరు తెచ్చిన పాత్రలు. శకుంతల, దమయంతి పాత్రలను కూడ ఆయన ధరించిరి.

ఈ పట్టికను శ్రద్ధగా చూచినచో ఒక విషయము తోచును. దేవదేవి, చింతామణి, మధురవాణి యను మువ్వురును వేశ్యలు. సంఘము వెలివేసినట్లు చూచిన స్త్రీలు. నటుడు తలచుకొన్నచో ఈ పాత్రలతో జనులను నవ్వించి, ఈలలు వేయించి, సులభముగా మెప్పు పొందవచ్చును. అట్లు చేసిన నటులును కలరు. నరసింహారావుగారు ఆ మార్గమును పట్టలేదు. ఆయన చేతిలో ఆ స్త్రీలు తెలివియు, హృదయమును గల మనుష్యులైరి. తెలుగువారు మధురవాణిని తలచినప్పుడు చులకన చేయక గౌరవముతో తలచుటకు మొదటి కారణము గురజాడవారి కలము. రెండవది ఆ పాత్రను రంగము మీద నిలిపిన ఇట్టి నటుల మర్యాద. ఎవరినైనను వెక్కిరించుట సులభము, వారి స్థానమున నిలిచి వారి బాధను తెలిసికొనుట కష్టము. నటుడు చేయవలసిన పని యా రెండవది.

కన్యాశుల్కము చివరి యంకములో మధురవాణి మగవేషము ధరించి సౌజన్యారావు పంతులు ఇంటికి వచ్చును. ఆ ఘట్టమున నరసింహారావుగారి కెదురైన చిక్కును విద్యార్థులు ఒక్క క్షణము ఊహింపవలెను. పురుషుడు స్త్రీగా నటించుచున్నాడు. ఆ స్త్రీ పురుషునిగా నటించుచున్నది. చీర లేదు, జడ లేదు, నగలు లేవు. ఆయన స్త్రీత్వము కేవలము చీరలోను రంగులోను ఉండినదైనచో ఆ ఘట్టములో అది బయటపడిపోవును. మగదుస్తులలో నున్న వ్యక్తి మధురవాణియే యని ప్రేక్షకులు నమ్ముచుండవలెను. సౌజన్యారావు పంతులు మాత్రము ఆమెను పురుషుడే యని నమ్మవలెను. అలంకరణము తీసివేసినను నిలుచు పాత్రయే నిజమైన పాత్ర యని దీనివలన తెలియును.

ఇప్పుడు సత్యభామ పాట సంగతి. నారదుని మాటలకు లోబడి సత్యభామ తన భర్తయైన శ్రీకృష్ణుని దానమిచ్చు వ్రతమును చేయును. పిమ్మట ఆయన యెత్తు ధనమును తూచి యిచ్చి విడిపించుకొనవలసి వచ్చును. ఆమె నగలన్నియు త్రాసులో వేసినను తూగవు. చివరకు రుక్మిణి భక్తితో వేసిన ఒక్క తులసీదళమునకు త్రాసు మొగ్గును. సత్యభామ గర్వము అణగును. కథ యింతయే. కాని గర్వము అణగుట చూచి ప్రేక్షకుడు జాలిపడవలెనన్నచో, ఆ గర్వము ఎట్టిదో ముందుగా తెలియవలెను. భర్త తన మాట దాటడని సత్యభామ ధీమాగా చెప్పుకొను ఘట్టమునకు నరసింహారావుగారు స్వయముగా పాట కట్టి పాడిరి.

ఆ పాట ప్రశ్నారూపమున ఉండుటయే దాని రహస్యము. తనకు పూర్తిగా నమ్మకమున్న విషయమును ఎవరును మరల మరల ప్రశ్నించుకొనరు. పైకి అది గర్వము. లోపల ఎక్కడనో ఒక శంక. పల్లవి తిరిగి వచ్చినప్పుడెల్ల అవే మాటలు. కాని నటుడు వానిని ఒకసారి గర్వముతో, ఒకసారి మురిపెముతో, ఒకసారి అలుకతో, ఒకసారి మనసులోని శంకను దాచుకొను యత్నముతో పలుకవచ్చును. నరసింహారావుగారు పల్లవి యొక్క ప్రతి ఆవృత్తికిని క్రొత్త భావము నిచ్చి అభినయించుటచేతనే ఆ పాట ప్రసిద్ధికెక్కెను. ఇతర నటులు మరల పాడినచో కథ ఆగిపోవును. ఆయన మరల పాడినచో కథ ముందుకు నడచును. రాగము ప్రదర్శించుటకును, రాగముచేత పాత్రను ప్రదర్శించుటకును గల భేదమిది.

సముద్రము దాటి బర్మాలోను ఆయన ఖ్యాతి వ్యాపించెను. ఆ కాలమున రంగూనులో తెలుగువారు వేలకొలది ఉండిరి. ఓడరేవులోను మిల్లులలోను కూలి చేసికొనువారును, వర్తకులును, గుమాస్తాలును వారిలో కలరు. ఇంటికి దూరముగా నున్నవారికి తల్లిభాషలో ఒక పద్యము, ఒక పాట వినబడినచో కలుగు ఆనందము చెప్పనలవి కాదు. ఆ రంగూనువాసులు నరసింహారావుగారి నటనకు మెచ్చి బంగారు కిరీటమును బహూకరించిరి.

ఆయన కాలములోనే ఒక వాదము బయలుదేరెను. స్త్రీల పాత్రలను స్త్రీలే ధరింపవలెనని బళ్లారి రాఘవగారు గట్టిగా చెప్పి, చదువుకొన్న కుటుంబముల స్త్రీలను రంగమునకు తెచ్చుటకు కృషి చేసిరి. ఆ వాదము న్యాయమైనది. స్త్రీకి తన బాధను తన గొంతుతో చెప్పుకొను హక్కు కలదు. మిషనువారు బాలికలకు బడులు తెరచిన ఈ జిల్లాలోనే, చదువుకొన్న బాలికకు రంగస్థలపు ద్వారము చాలకాలము మూసియుండెను. అది సంఘము చేసిన అన్యాయమే గాని అలంకారము కాదు. నేడు బాలికలు నిస్సంకోచముగా వేదిక యెక్కి పాడుచున్నారన్నచో అది మంచి మార్పు. అయినను ఆ ద్వారము మూసియున్న దినములలో స్త్రీ పాత్రను అపహాస్యము పాలు గాకుండ కాపాడిన నటునకు మనము కృతజ్ఞులము కావలెను. తరువాత వచ్చిన నటీమణులకు ఆయన సత్యభామ, ఆయన మధురవాణి ఒక కొలమానముగా నిలిచినవి. 1966 నాటి చిత్రములో జమునగారు సత్యభామగా నటించినప్పుడు పాట ఆయనదే, పాత్ర మాత్రము స్త్రీ చేతికి చేరెను. ఒక తరము కాపాడిన సొత్తు దాని హక్కుదారులకు అందినట్లయ్యెను. ఆ దినమున ఆయన జీవించియే ఉండిరి.

1956లో భారత ప్రభుత్వము నరసింహారావుగారిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. పగలు చిన్నచూపు చూడబడిన వృత్తికి దేశము చేసిన గౌరవముగా దానిని భావింపవచ్చును. తమ రంగస్థలానుభవములను ఆయన నటస్థానము అను గ్రంథముగా కూడ వ్రాసిరి. తాము నేర్చినది తమతోనే పోరాదని తలచుట మంచి గురువు లక్షణము. 1971వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీన ఆయన పరమపదించిరి.

నటుని కళకు ఒక దురదృష్టము కలదు. కవి పోయినను కావ్యముండును. శిల్పి పోయినను శిల్పముండును. నటుడు పోయినచో ఆయన నడకయు చూపును ఆయనతోనే పోవును. చూచినవారు జ్ఞాపకముంచుకొని చెప్పినంత కాలమే అది నిలుచును. నరసింహారావుగారిని రంగముమీద చూచినవారు నేడు మిక్కిలి అరుదు. మిగిలినది పాట. కాబట్టి రంగస్థల గీతముల సాయంకాలము వినోదమునకు మాత్రమే జరుగునది కాదు. పోయిన నటుల సొత్తును కాపాడు కార్యము కూడ. దానికి పోయి కూర్చుండిన శ్రోతయు ఆ కార్యమున భాగస్వామియే.

బాలబాలికలారా! మీలో గొంతు గలవారు ఆ పాటను ఏదో యొకనాడు నేర్చుకొందురు. నేర్చుకొనునప్పుడు రాగమును మాత్రమే నేర్చి ఊరకుండకుడు. ఆ మాటలు పలుకుచున్నది ఎవరో, ఆమె హృదయములో ఏమున్నదో, ఆ తరువాత ఆమెకు ఏమి జరుగనున్నదో తెలిసికొనుడు. గర్వించు సత్యభామను చూచి నవ్వక, ఆమె స్థానమున నిలువుడు. మీరు నటులు కాకపోవచ్చును. వైద్యులో, ఉపాధ్యాయులో, రైతులో, ఉద్యోగులో కావచ్చును. ఏ వృత్తిలో నున్నను ఎదుటివాని స్థానమున నిలిచి చూచు శక్తి మీకు అక్కరకు వచ్చును. మన బాపట్లలో 1920లో ఒక రాత్రి, రానివాని స్థానమున నిలిచిన యువకుడొకడు జీవితమంతయు ఇతరుల స్థానమున నిలుచుటనే విద్యగా నేర్చెను. లోకము ఆయనకు గొప్ప స్థానము నిచ్చెను.